గాజుతొట్టిలో జ్ఞాతివైరం

మత్స్యావతార కథ వినని తెలుగు విద్యార్థి అరుదు. కృతమాలా నదిలో సత్యవ్రతుడు తర్పణం విడుస్తుండగా అతని దోసిటి నీటిలోనికి ఒక చేపపిల్ల వచ్చి చేరినది. దానిని మరల నదిలో విడువబోగా, విడువవద్దనీ, ఈ నీటిలో తన జాతివారే తనను బ్రతుకనీయరనీ అది మొరపెట్టుకొన్నది. రాజు జాలిపడి దానిని కమండలంలో పెట్టుకొని తెచ్చినాడు. పోతన అష్టమస్కంధంలో తెనిగించిన ఈ కథకు ఇంకా ప్రాచీనమైన రూపం శతపథబ్రాహ్మణంలో ఉన్నది. అందులో మనువు చేపపిల్లను కుండలో దాచినాడు. పురాణార్థం ఏదైనను, చేపను నీటిపాత్రలో పెట్టి పెంచుటకు ఈ కథలు చెప్పే కారణం వేడుక కాదు, రక్షణ. అదియును తోటి చేపల నుండి రక్షణ.

నేటి గాజుతొట్టిలో ఆ రక్షణ లేదు. కమండలంలో ఉన్నది ఒక్క చేప. గాజుతొట్టిలో ఉన్నవి పదిహేనో, ఇరవయ్యో. జ్ఞాతులు కూడ వెంటనే వచ్చినారు.

పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పెద్దలు మత్స్యన్యాయమన్నారు. దండనీతి లేని రాజ్యం ఎట్లుండునో చెప్పుటకు కౌటిల్యుడు ఈ పోలికనే తెచ్చినాడు. కాని బొటనవ్రేలంత చేపలు మాత్రమే ఉన్న తొట్టిలో జరిగే కలహానికి ఈ న్యాయం వర్తించదు. అక్కడ ఎవరూ ఎవరినీ మ్రింగరు; మ్రింగునంత పెద్ద నోరు ఎవరికీ లేదు. ఒకటి మరొకదాని తోకను కొరుకుతుంది, తరుముతుంది, మూలకు నెట్టి మేత అందకుండా చేస్తుంది. నాలుగు దినాలలో ఆ తోక చీలికలు పేలికలవుతుంది. వారం తిరిగేసరికి చేప నీటిపై తేలుతుంది. ఆకలికి జరిగిన హత్య అయితే హంతకుడు సులభంగానే దొరికేవాడు. ఇది అట్టిది కాదు గనుకనే చాలామంది తప్పు చేపను శిక్షిస్తారు, లేదా శిక్ష అవసరం లేని చోట మందు పోస్తారు.

మంజీరకు ఒక ప్రక్క బాన్సువాడ, మరొక ప్రక్క బిచ్కుంద. 1931లో పూర్తయిన నిజాంసాగరానికి దిగువగా ఉన్న ఈ సీమలో పిల్లలకు చేప కొత్త కాదు. వాన కురిసి చెరువు నిండితే పరిగెలు, జెల్లలు, బురదమట్టలు వారి గుడ్డవలలకు చిక్కుతూనే ఉంటవి. కాని పట్టుటకూ వండుటకూ చేపను చూచినవారే గాని, బ్రతికి ఉన్న చేపను ఒక గంటసేపు ఊరక కూర్చుండి చూచినవారు ఎక్కడనైనా కొద్దిమందే. అందుకు గాజుతొట్టిని మించిన సాధనం లేదు.

బిచ్కుంద వంటి ఊరిలో ఒక పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో అట్టి తొట్టి ఒకటి వెలసినదనుకొందాము. పొడవు రెండడుగులు. నిజామాబాదు నుండో హైదరాబాదు నుండో తెచ్చిన గప్పీలు ఆరు, పులిచారల బార్బులు మూడు, ఏంజెల్ చేపలు రెండు. వీటికి తోడు, ఒక విద్యార్థి ఊరిబయటి మురుగుగుంటలో పట్టి, ఇవి కూడ గప్పీలే నని తెచ్చి కలిపిన బూడిదరంగు చిన్నచేపలు నాలుగు. పది దినాలకు ఒక గప్పీ తోక సగం పోయినది. ఎవరు చేసినారు?

తరగతిలో మూడు సమాధానాలు వస్తవి. చారలున్నది గనుక బార్బే దోషి అని కొందరు. ఏదో తెగులు తగిలినదని మరికొందరు. నీరు పాడయినదని ఒకరో ఇద్దరో. మూడూ నిజం కావచ్చును. మూడూ ఒకేసారి నిజం కావచ్చును. అయితే ఊహించుటకు ముందు ఆ తోక అంచును పరిశీలింపవలెను. వైద్యునికి నాడి ఎట్టిదో చేపలు పెంచేవానికి వాజం అంచు అట్టిది.

పాఠ్యపుస్తకాలు వాజమని పిలిచే ఈ రెక్క నిర్మాణంలో తాటాకు విసనకర్ర వంటిది. గట్టి ఈనెలు వరుసగా ఉంటవి; వాటి నడుమ పలుచని పొర వ్యాపించి ఉంటుంది. రాతి మొనకు గాని వలకు గాని తగిలి చినిగినపుడు పొర ఈనె వెంట చీలుతుంది. చీలిక ఉంటుంది గాని పోయినది ఏమీ ఉండదు. రెండు అంచులనూ దగ్గరకు చేర్చితే సరిపోతవి. కొరికినపుడు అట్లు కాదు. ఒక ముక్క లేకుండా పోతుంది. అంచు అర్ధచంద్రాకారంగానో, కత్తెర వేసినట్లుగానో ఉంటుంది. పొర పోయి ఈనెల కొనలు చీపురుపుల్లల వలె బయటికి కనిపిస్తవి. సాయంకాలం నిండుగా ఉన్న తోక తెల్లవారేసరికి తరిగిపోవుట కాటుకు గుర్తు. కుళ్ళు తెగులు ఇంత తొందరపడదు. అది అంచున పాలరంగు గీతగా మొదలయి, అంచంతా ముక్కిపోయిన గుడ్డ వలె చేసి, దినదినమూ మొదలు వైపు జరుగుతుంది. తరచు దాని ముందు ఒక సన్నని ఎర్రజీర నడుస్తుంది. నోటి చుట్టూ, వీపు మీద తడిసిన దూది అంటినట్లు బూడిద తెలుపు మచ్చలు కనిపిస్తే అది వేరొక బాక్టీరియా పని. కాలమ్నారిస్ అనే ఆ తెగులు వెచ్చని నీటిలో ఒకటి రెండు దినాలలోనే ప్రాణం తీయగలదు. దానిని కాటు అని పొరబడితే తొట్టి అంతా పోతుంది.

చిక్కు ఎక్కడున్నదనగా, ఈ రెండును ఒకదాని వెంట ఒకటి వస్తవి. కరచిన చోట సూక్ష్మజీవులు చేరి కుళ్ళు మొదలవుతుంది. కుళ్ళుతో నీరసించిన చేప పారలేదు గనుక తోటివారు దానినే కరుస్తారు. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చుటకు దెబ్బ తిన్న చేపను వదలి దెబ్బ తినని చేపలను చూడవలెను. వేర్వేరు జాతుల చేపలన్నింటికీ ఒకే వారంలో వాజాలు చెడితే దోషం నీటిది. పొడవాటి వాజాలు గల గప్పీలకూ, ఏంజెల్ చేపలకూ మాత్రమే చెడి, పొట్టి వాజాల చేపలు బాగుంటే కరచేవాడు లోపలనే ఉన్నాడు. అందరి తోకలూ చినిగి ఒక్కని తోక మాత్రం నవనవలాడుతుంటే ఆ ఒక్కని మీద కన్ను వేయవలెను. గ్రామమంతా అప్పులపాలై ఒక్క ఇంటి మిద్దె మాత్రం పెరుగుతుంటే పెద్దలు చేసే ఆలోచన ఇట్టిదే.

నీటి సంగతి ముందు చెప్పి ముగించుట మంచిది. నీరు తేటగా ఉన్నది గదా అనే వాదం పనికిరాదు. అమోనియాకు రంగు లేదు. చేప తన మొప్పల ద్వారానే అమోనియాను విడుస్తుంది. తొట్టిలో ఇసుకకూ, వడపోత దూదికీ పట్టుకొని బ్రతికే బాక్టీరియాలు దానిని మొదట నైట్రైటుగా, పిదప నైట్రేటుగా మార్చుతవి. మొదటి రెండూ విషాలు. మూడవది చాలవరకు సహింపదగినది. కొత్త తొట్టిలో ఈ మేలు చేసే బాక్టీరియా స్థిరపడుటకు నాలుగు నుండి ఆరు వారాలు పడుతుంది. కాబట్టి తొట్టి పెట్టిన దినమే పదిహేను చేపలు విడిచినవారు తమ చేతులతోనే విషం కలిపినవారవుతున్నారు. ఉత్తర తెలంగాణలో వేసవి నలుబది డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అమోనియా విషం హెచ్చుతుంది. బోరు నీరు క్షారగుణం గలదయితే ఇంకా హెచ్చుతుంది. కుళాయి నీటిలోని క్లోరిన్ మేలు చేసే బాక్టీరియాను చంపుతుంది గనుక ఆ నీటిని వెడల్పయిన పాత్రలో ఒక దినం నిలువ ఉంచి వాడవలెను. ఊపిరాడని చేప కోపిష్ఠి అవుతుందో, నీరసపడుతుందో దాని జాతిని బట్టి ఉంటుంది. కాని ఇరుకు, వేడి, విషం మూడూ కూడిన తొట్టిలో శాంతిని ఆశించుట అవివేకం.

ఇక కలహం. ముందుగా అనుమానింపబడిన పులిచారల బార్బు సుమత్రా ప్రాంతానికి చెందిన చేప. చేపలు పెంచేవారిలో దీనికి చెడ్డపేరు ఉన్నది. ఆ పేరు ఊరక రాలేదు. కాని అందులో సగం పెంచేవారి తప్పు. ఇది గుంపులో బ్రతికే చేప. గుంపులో ప్రతి చేపకూ ఒక స్థానం ఉంటుంది. ఆ స్థానం కోసం అవి నిత్యం తమలో తాము తరుముకొంటవి. ఎనిమిదీ పదీ ఉన్నపుడు ఆ దెబ్బలు అందరికీ కొంచెం కొంచెం పడి ఎవరికీ ప్రాణాపాయం కలుగదు. మూడే ఉన్నపుడు మొదటిది రెండవదాన్ని, ఆ రెండూ కలసి మూడవదాన్ని వేధిస్తవి. అదియును చాలక పొరుగున మెల్లగా కదలే ఏంజెల్ చేప జాలరు వాజాలను కొరుకుటకు పూనుకొంటవి. నార్వే శాస్త్రజ్ఞుడు ష్యెల్డెరప్ ఎబ్బె కోళ్ళ గుంపులో ఏ కోడి ఏ కోడిని పొడుచునో లెక్కవ్రాసి, ఆ పొడుపులో ఒక వరుస ఉన్నదని 1921లో ప్రకటించినాడు. పెరటిలో కోళ్ళున్న మన ఇల్లాండ్రకు ఇది కొత్త విషయం కాకపోవచ్చును. లెక్కవ్రాసినవాడు మాత్రం అతడు. చేపలలోనూ అట్టి వరుస ఉన్నది. దానిలో అట్టడుగున ఉన్న చేపనే మనం తోక లేకుండా చూస్తాము.

ఇక్కడ పెంచేవారు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. దెబ్బ తిన్నదానిని జాలితో వేరొక పాత్రలోనికి మార్చి, పని తీరినదనుకొంటారు. మరునాటి నుండి దాని పైమెట్టున ఉన్నది అట్టడుగు అవుతుంది. తోకలు ఒకదాని తరువాత ఒకటి పోతూనే ఉంటవి. గాయానికి వైద్యం చేయుటకు దానిని వేరుచేయవలసినదే. కాని కలహకారణం తొట్టిలోనే మిగిలి ఉన్నదని మరువరాదు.

వరుస కోసం కాక నేల కోసం పోరే చేపలు వేరు. గ్రుడ్లు పెట్టే కాలంలో ఏంజెల్ చేపల జంట ఒక ఆకునో, పలకరాయినో ఆక్రమించి దాని చుట్టూ జానెడు దూరం ఎవరినీ రానీయదు. ఇట్టి పోరును గురించి హాలండు శాస్త్రజ్ఞుడు నికో టిన్‌బెర్జెన్ చేసిన పరిశోధన ప్రసిద్ధమైనది. స్టికిల్‌బ్యాక్ అనే చిన్నచేపలో మగదానికి సంతానకాలంలో పొట్ట ఎర్రబడుతుంది. చేప ఆకారం లేని మైనపు ముద్దకు క్రింది భాగాన ఎరుపు పూసి చూపినా ఈ చేప దానిపైకి దూకుతుంది. అచ్చంగా చేపవలె చేసి ఎరుపు పూయని బొమ్మను అంతగా లెక్కచేయదు. లైడెన్‌లో ఆయన ప్రయోగశాల కిటికీ ముందు నుండి ఎర్రని తపాలాబండి పోతున్నపుడు తొట్టెలలోని మగచేపలు దానిపై కలియబడబోయినవట! చేప పోరుతున్నది శత్రువుతో కాదు, ఒక గుర్తుతో. తొట్టిలో తన జాతి రంగునో రూపునో పోలిన పరాయి చేప అకారణంగా దెబ్బలు తినుటకు ఇది ఒక కారణం. టిన్‌బెర్జెన్‌కు 1973లో కొన్రాడ్ లోరెంజ్, కార్ల్ ఫాన్ ఫ్రిష్‌లతో కలిపి నోబెల్ బహుమతి లభించినది. లోరెంజ్ 1963లో ప్రాణుల పోరుబుద్ధిపై వ్రాసిన ప్రసిద్ధ గ్రంథం సముద్రపు దిబ్బలలోని రంగుచేపలతోనే మొదలవుతుంది. ఆయన మనుష్యుల విషయంలో తీసిన సిద్ధాంతాలను తరువాతివారు చాలమంది ఒప్పుకొనలేదు. చేపల విషయంలో చూచినవి మాత్రం కన్నులారా చూచినవే.

సయాం దేశపు బెట్టా చేప సంగతి అందరెరిగినదే. అద్దం చూపితే తన నీడనే శత్రువని తలచి మొప్పలు విప్పి నిలుస్తుంది. మనకు పల్నాటి కోడిపందెం వలె ఆ దేశానికి బెట్టా పందెం. క్రీడాభిరామంలో కోడిపోరు వర్ణన చదివినవారికి ఆ చూపరుల ఉత్సాహం ఊహింపవచ్చును. 2019లో థాయిలాండు ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించినది. వింత ఏమనగా, ఇంత పోట్లమారి చేప కూడ సామూహికపు తొట్టిలో పెక్కుసార్లు దోషి కాదు, బాధితుడు. అమ్మకానికి పెంచిన మగబెట్టాల వాజాలు పావడా అంచుల వలె పెరిగి ఉంటవి. వాటిని మోయుచూ అది వేగంగా పారలేదు. బార్బులకు అది ఆటవస్తువు అవుతుంది.

రాత్రివేళ తొట్టిని చూచేవారు తక్కువ. గాజుకు పట్టిన పాచిని తినునని అమ్మే సక్కర్ చేప పెద్దదయిన తరువాత రాత్రులందు ఏంజెల్ వంటి బల్లపరుపు చేపల ప్రక్కలను అంటుకొని పైజిగురును గీకి తినే అలవాటు చేసికొంటుంది. పగలు అది రాతి క్రింద సాధువు వలె పడి ఉంటుంది గనుక నేరం బార్బు మీదికి పోతుంది. చెరువు నుండి తెచ్చినవాటిలో ఇంకొక గుప్తచోరుడు ఉన్నాడు: శరీరం అద్దం వలె పారదర్శకమై లోపలి ఎముకలు కనిపించే చిన్నచేప, శాస్త్రనామం చందా నామా. దోమపిల్లలను తిని మేలు చేసే ఈ చేప ఇతర చేపల పొలుసులను కూడ ఊడబెరికి తింటుంది. వాజం బాగుండి ఒంటి మీద అక్కడక్కడ పొలుసులు లేచిపోయినపుడు దీనిని తలచుకొనవలెను.

మన ఊహాపాఠశాల తొట్టిలో ఇంకను విచారింపవలసినవి ఆ మురుగుగుంట చేపలు నాలుగు. వాటి వెనుక ఉన్న చరిత్ర కొంచెం పెద్దది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. అప్పటి నుండి దోమపిల్లలను తినే చేపల కోసం వెదుకులాట హెచ్చినది. అమెరికా దక్షిణ ప్రాంతపు గంబూసియా అనే చేప ఆ విధంగా దేశదేశాలు తిరిగి, 1928లో ఇటలీ నుండి మన దేశానికి వచ్చినది. నాటి నుండి బావులలో, కుంటలలో, మురుగుగుంటలలో దానిని విడుస్తూనే ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో సుమారు కోటి గంబూసియాలను జలాశయాలలో విడిచినారు. ఇది దోమపిల్లలను తినుట నిజం. అంతతో ఆగదు. ఇతర చేపల గ్రుడ్లను, పిల్లలను, కప్ప పిల్లలను తింటుంది. తనకంటె పెద్ద చేపల తోకలను కూడ కొరికి పీకుతుంది. ఆస్ట్రేలియాలో దీనిని దోమల కోసం ప్రవేశపెట్టి, అక్కడి నాటు చిన్నచేపలకు కలిగిన నష్టానికి తరువాత విచారించినారు. మన నీటిగుంటలలో దోమపిల్లలను తినే నాటుచేపలు లేకపోలేదు. చందా నామా ఒకటి. నెత్తిన వెండిచుక్క మెరిసే పాంచాక్స్ మరొకటి. వీటిని పెంచి విడుచుటకు గంబూసియా మీద ఉన్నంత శ్రద్ధ కనిపించదు.

ఆడ గప్పీకీ ఆడ గంబూసియాకూ చూపునకు భేదం తక్కువ. రెండూ బూడిదరంగే; రెండూ గ్రుడ్లు పెట్టక పిల్లలనే కంటవి. గుర్తు మగవానిలో ఉన్నది: మగ గప్పీ రంగులు చల్లినట్లుంటుంది, మగ గంబూసియా ఆడదాని వలె వెలవెలబోయి ఉంటుంది. ఒక గుంటలో పట్టిన ఇరువదింటిలో ఒక్కటైనా రంగుతోక లేకుంటే అవి గప్పీలు కావని అనుమానించుట మేలు. కాబట్టి చారలున్న బార్బును వెలివేసి, గప్పీ చుట్టమని నమ్మిన బూడిదచేపను ఉంచుకొన్న తరగతి దొంగను ఇంట పెట్టుకొని పొరుగువానిని తరిమినట్లే. ఈ నాల్గింటిని వేరుచేసి చూచుట మొదటి పరీక్ష. అయితే వాటిని మరల చెరువులో గాని మంజీరలో గాని విడువరాదు. బార్బులను, సక్కర్లను అసలే విడువరాదు. తొట్టెలలో పెరిగి బయటపడిన సక్కర్ చేప తెలుగుదేశపు చెరువులలో మత్స్యకారుల వలలు చింపుచున్న సంగతి పత్రికలలో వస్తూనే ఉన్నది.

దోషిని పట్టుటకు విద్యార్థులకు కావలసినది ఒక నోటుపుస్తకం, కొంత ఓపిక. తొట్టికి నాలుగడుగుల దూరాన కదలక కూర్చుండి మేత వేయునపుడు ఒకసారి, దీపం తీసిన అరగంటకు ఒకసారి, తెల్లవారగనే ఒకసారి చూచి, ఎవరు ఎవరిని ఎన్నిమార్లు తరిమినారో గీతలు పెట్టవలెను. దగ్గరగా ముఖం పెట్టి చూస్తే చేపలన్నీ మేతకు వచ్చి మర్యాదస్థుల వలె నిలుస్తవి. దెబ్బ తిన్న చేప తోకను ప్రతిదినమూ బొమ్మ గీయించుట ఇంకను మంచిది. చిత్రలేఖనం పాఠానికి అంతకంటె ప్రాణమున్న విషయం దొరకదు.

నేల కోసం పోరు అయితే చికిత్స సులభం. తొట్టిలోని రాళ్ళు, మొక్కలు తారుమారు చేయవలెను. పాత మోతుబరికి తన పొలిమేర ఎక్కడున్నదో తెలియక కొన్నాళ్ళు అణగి ఉంటాడు. కరచేదానిని వారం దినాలు వేరుంచి, ఈ మార్పు చేసిన తరువాత తెస్తే అది కొత్తగా వచ్చినదానివలె వెనుకముందాడుతుంది. గుంపుచేపలయితే సంఖ్య పెంచవలెను, లేదా పూర్తిగా మానవలెను. పెంచుటకు రెండడుగుల తొట్టి చాలకపోతే మానుటే న్యాయం. గాయపడినదానికి మొదటి మందు మంచినీరు. రెండు దినాల కొకసారి నాల్గవవంతు నీరు తీసి నిలువ నీరు పోయవలెను. వేరుగా ఉంచిన పాత్రలో లీటరుకు ఒకటి రెండు గ్రాముల కల్లుప్పు గప్పీలు బాగుగా సహిస్తవి. పొలుసులు లేని జెల్లజాతికి అది పడదు. కుళ్ళు లేని కాటుగాయానికి మనుష్యుల మందుబిళ్ళలను పొడిచేసి పోయుట దుకాణదారు సలహా అయినా వినకూడదు. ఆ మందు ముందు చంపేది వడపోతలోని మేలు చేసే బాక్టీరియాను.

వాజం మరల పెరుగుతుంది. ఈ ఒక్క విషయంలో చేపకు మనకు లేని భాగ్యం ఉన్నది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానదీ ప్రాంతపు చేపలపై వ్రాసిన గ్రంథంలో వర్ణించిన చారల చిన్నచేప నేడు జీబ్రాచేప పేరుతో ప్రపంచంలోని పెక్కు ప్రయోగశాలలలో ఉన్నది, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోనూ దానిపై పరిశోధనలు జరుగుతున్నవి. దాని తోకవాజాన్ని సగానికి కత్తిరిస్తే, తెగిన కొనల వద్ద జీవకణాలు ముద్దగా చేరి, ఈనెలనూ పొరనూ మరల అల్లి, సుమారు రెండు వారాలలో తోకను పూర్తిచేస్తవి. గప్పీలోనూ, బార్బులోనూ జరిగేది ఇదే. కాటు మొదలువరకు పోయి కండను తాకినపుడు మాత్రం ఆ శక్తి నశిస్తుంది, అందుకే తొందర.

కొత్త పొర మొదట రంగు లేక గాజు వలె ఉంటుంది. దీనిని చూచి కుళ్ళు పాలగీత అని భయపడి మందు పోసేవారు ఉన్నారు. కుళ్ళు గీత మసకగా ఉండి లోపలికి జరుగుతుంది. కొత్త పొర తేటగా ఉండి వెలుపలికి జరుగుతుంది. విద్యార్థి గీసిన బొమ్మలను వరుసగా పేర్చితే అది ఎటు జరుగుతున్నదో మూడవ దినానికే తెలుస్తుంది. ఆ తేట అంచు మీదనే మరల అర్ధచంద్రపు గంటు కనిపించినదా, దోషి ఇంకా తొట్టిలోనే ఉన్నాడు. వేరుచేసిన నాలుగు చేపలు కాక మిగిలినవారి లెక్క మరల మొదలుపెట్టవలెను.